కోస్మే పొగగొట్టం

మా వాల్దెఆర్నెదో ఊరి ఫుట్‌బాల్ జట్టుకు కోస్మే పందొమ్మిదేళ్లుగా గోల్‌కీపర్. ఈ పందొమ్మిదేళ్లలో ఊరికి నలుగురు మేయర్లు మారారు, చర్చికి ముగ్గురు ఫాదర్లు మారారు, నా బారులో కాఫీ మెషీను రెండుసార్లు మారింది. గోల్లో మాత్రం మనిషి మారలేదు. వారమంతా మిరప తోట, ఆదివారం గోల్‌పోస్టు. అతని లోకం ఆ రెండే.

పెద్ద జట్లు పిలవలేదా అంటే, పిలిచాయి. ఇరవై నాలుగేళ్లప్పుడు ఉత్తరాన సముద్రం పక్కనున్న ఓ పెద్ద క్లబ్బు వాళ్లు మూడు రోజులు ఆడి చూపించమన్నారు. పొద్దున బస్సెక్కినవాడు సాయంత్రం బస్సులో దిగాడు. ఏమైందిరా అంటే, "అక్కడ చిక్కుడు గింజలు ఉడకలేదు" అన్నాడు. అంతే, ఊరు అతన్ని నెత్తిన పెట్టుకుంది. మన చిక్కుడు గింజల కోసం పట్నాన్నే కాదన్నాడని ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. మైదానం గేటు మీద అతని పేరుతో పలక కూడా పెట్టారు.

నేను పదకొండేళ్లు అతని ముందు ఎడమ వైపు డిఫెండర్‌గా ఆడాను. మోకాలు పోయాక మైదానం పక్కనే బారు పెట్టుకున్నాను. కాబట్టి కోస్మే మంచీ చెడూ ఊరికన్నా ముందు నాకు తెలియాలి. ఈసారి మాత్రం తెలియలేదు.

ఈ ఏడు సొంత మైదానంలో నాలుగు ఆటలు ఆడితే ఐదు గోల్స్ తిన్నాం. ఐదూ ఒకే గోల్లో, ఒకే మూల. అతని ఎడమ మూల. బంతి వస్తుంది, కోస్మే దూకుతాడు, జానెడు దూరంలో చెయ్యి ఆగిపోతుంది. చర్చి వైపు చూస్తూ నిలబడే గోల్లో ఒక్కటీ పడలేదు. పొరుగూళ్లలో ఆడినప్పుడూ పర్వాలేదు. కానీ బారులో అంత లెక్క ఎవరికి కావాలి?

"ముప్పై తొమ్మిది నిండాయి. గాడిదకైనా విశ్రాంతి ఇస్తారు" అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు అబీలియో. ఆయనకు ట్రాక్టర్ సామాన్ల కొట్టుంది. మనుషుల్ని కూడా స్పేర్ పార్టుల్లాగే చూస్తాడు.

"గాడిద ఇక్కడే ఉందండీ, వింటోంది" అన్నాడు మూల బల్ల దగ్గర కూర్చున్న కోస్మే.

"వినాలనే చెప్తున్నా. జరగోసా పట్నం నుంచి ఒక కీపర్‌ని మాట్లాడాను. ఆదివారం పొరుగూరు కొర్సుయేలా వాళ్లతో ఆట. నీ ఎడమ మూలలో ఇంకొక్కటి పడిందంటే సోమవారం నుంచి గోల్ అతనిది."

కోస్మే గ్లాసులో వైను సగం వదిలేసి లేచాడు. పందొమ్మిదేళ్లలో అతను వైను వదిలేయడం నేను చూడలేదు.

మర్నాడు అతన్ని మైదానానికి లాక్కెళ్లాను. ఐదు గోల్స్ పడ్డ ఆ గోల్లోనే నిలబడమని, నేను వల వెనక్కి వెళ్లి చూశాను.

"మధ్యలో నిలబడరా."

"మధ్యలోనే ఉన్నాను కదరా."

"ఏం మధ్య? అడుగున్నర కుడికి జరిగి ఉన్నావు. ఎడమ పక్క గాడిద బండి తోలుకుపోవచ్చు."

"ఎగతాళి చెయ్యకు" అంటూ తలెత్తి ఎదుటి గోల్ పై నుంచి దూరంగా చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ప్రతి ఆటలో, ప్రతి బంతి తర్వాత అలాగే తలెత్తేవాడు. దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడనుకునేవాణ్ణి.

నేనూ అటే చూశాను. అక్కడ ఎత్తుగా టెలిఫోన్ స్తంభం ఉంది. మొన్న ఆగస్టులో పాతారు. అంతకుముందు అక్కడ మిరపకాయల డబ్బా ఫ్యాక్టరీ పొగగొట్టం ఉండేది. జూలైలో కూల్చేశారు. స్తంభం పొగగొట్టం ఉన్నచోట లేదు, దానికి రెండడుగులు ఎడమకు ఉంది.

"ఒరేయ్, నువ్వు పొగగొట్టం చూసుకుని నిలబడేవాడివా?"

కోస్మే మొహం మిరపపండులా అయింది. "ఎదుటి గోల్ నడిమికీ పొగగొట్టానికీ సూటిగా నిలబడితే నేనున్నది మధ్య. అటు గోల్లో చర్చి మీద కొంగ గూడు. కొర్సుయేలాలో నీళ్ల ట్యాంకు. ఏ ఊరికెళ్లినా గంట ముందెళ్లి ఏదో ఒకటి చూసి పెట్టుకుంటాను."

"మరి స్తంభం వేరేచోట ఉందని చూసుకోలేదా?"

"సొంతింట్లో స్తంభాలు ఎవరు లెక్కపెట్టుకుంటారురా? పొడుగ్గా ఏదో కనబడింది, కన్ను అక్కడ ఆగింది. అది ఎడమకు జరిగేసరికి నేను కుడికి జరిగిపోయాను."

నాకు ఇంకో సంగతి వెలిగింది. "అయితే ఆ పెద్ద క్లబ్బు..."

"నాలుగు వైపులా జనం కూర్చునే మెట్లేరా. ఆకాశం తప్ప ఏమీ కనబడి చావదు. దేన్ని చూసి నిలబడమంటావు?"

"మరి చిక్కుడు గింజలు?"

"అవి కూడా ఉడకలేదు."

నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చున్నాను. "మడమతో మధ్యలో గీత గీసుకోరా బాబూ. లోకంలో కీపర్లందరూ గీసుకుంటారు."

"గీత గీసుకునేవాడూ, ఇంటి గుమ్మం మరిచిపోతానని తలుపుకు రంగేసుకునేవాడూ ఒకటే" అన్నాడు. ఇరవయ్యేళ్ల నుంచి అనే మాటే. ఆ మాట మీదే ఎంతమంది కుర్ర కీపర్లను ఏడిపించాడో లెక్కలేదు. ఇప్పుడు ఊరందరి ముందూ గీత ఎలా గీస్తాడు?

దానికి నేనే ఉపాయం చేశాను. పొగగొట్టం పోయాక దాని వెనక మా అత్త ఫెర్మీనా మేడ కనబడుతోంది. అక్టోబరు నెల. ఊళ్లో ప్రతి మేడకూ ఎర్ర మిరపకాయల దండలు వేలాడే రోజులు. అత్త దండల్ని సరిగ్గా పొగగొట్టం వరసలోకి జరిపించాను. మోకాలు మొత్తుకుంటున్నా మైదానానికీ మేడకీ మధ్య నాలుగుసార్లు తిరిగాను.

"ఇంకా ఎటు జరపమంటావు అల్లుడూ? మిరపకాయలు ఎండకి ఎండాలి గానీ నీ కొలతకి ఎండుతాయా?"

"అందంగా ఉంటుందత్తా."

"పాతికేళ్లలో నా ఇంట్లో నీకు అందం కనబడటం ఇదే మొదలు" అంది. ఎందుకో నేను చెప్పలేదు. అత్తకి చెప్తే మార్కెట్లో మైకు పెట్టి చెప్పినట్టే.

ఆదివారం మొదటి సగం చర్చి వైపు చూసే గోల్లో గడిచింది. కొంగ గూడు చల్లగా చూసింది. రెండో సగం మిరపకాయల వంతు. కోస్మే తలెత్తాడు, ఎర్ర దండలు చూశాడు, నిలబడ్డాడు. ఎడమకు వచ్చిన రెండు బంతుల్ని పిల్లి ఎలకను పట్టినట్టు పట్టాడు. అబీలియో గడ్డం గోక్కున్నాడు.

ఇంకో పావుగంట ఉందనగా మబ్బేసింది. నాలుగు చినుకులు పడ్డాయి. మేడ మీద తలుపు తెరుచుకుంది. మా అత్త వచ్చి, ఈ ఊరి ఆడమనిషి ఎవరైనా చేసే పనే చేసింది. దండలన్నీ తీసి లోపలికి పట్టుకుపోయింది.

ఆటలో బంతి బయటికి పోయి ఆగింది. కోస్మే తలెత్తాడు. ఖాళీ మేడ. పక్కన స్తంభం. ఒక్క క్షణం స్తంభం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను చేతులు చాపాను. ఏం చెయ్యను, మా అత్త.

అతను వెనక్కి నడిచాడు. కుడి పోస్టును పట్టుకుని అడుగులు కొలిచి, మధ్యలో ఆగి, బూటు మడమతో తడిమట్టిలో పొడవాటి గీత గీశాడు. మా బారు జనం మెడలు చాచి చూశారు. వల వెనక కొర్సుయేలా వాళ్లు ఊరుకుంటారా?

"తాతకి ఇంటి దారి గుర్తులేదురోయ్."

"లేదు నాయనా" అన్నాడు కోస్మే వెనక్కి తిరక్కుండానే. "మీ ఇంటికి కూడా ఒకటి గీసిపెట్టనా?"

ఆఖరి నిమిషంలో కొర్సుయేలా తొమ్మిదో నంబరువాడు నేలబారుగా కొట్టాడు. ఎడమ మూలకే. కోస్మే దూకాడు. ఈసారి ఆ జానెడు తక్కువ పడలేదు. వేళ్లు తగిలి బంతి పోస్టుకు కొట్టుకుని బయటికి దొర్లింది. గోల్ లేకుండానే ఆట ముగిసింది.

బారులో అబీలియో చాలాసేపు గ్లాసు తిప్పాడు. "జరగోసా ఆయన్ని రమ్మంటాను, కానీ బెంచీ మీదికి. చలికాలం, మందపాటి కోటు తెచ్చుకోమంటాను" అన్నాడు.

రేడియో మనిషి ఒకాయన కోస్మే మూతి దగ్గర మైకు పెట్టి, ఇన్నేళ్లు ఒకే క్లబ్బులో ఎలా ఉండగలిగారని అడిగాడు. కోస్మే నా వైపు చూశాడు. నేను గ్లాసు తుడుచుకుంటూ ఉండిపోయాను.

"చిక్కుడు గింజలండీ" అన్నాడు కోస్మే.

ఆయన వెళ్లాక తన గ్లాసులో వైను చివరి చుక్కదాకా తాగి, నా దగ్గరికి వంగి చెప్పాడు. "మీ అత్తకి చెప్పరా, రేపట్నుంచి మిరపకాయలు ఎక్కడ కావాలంటే అక్కడ కట్టుకోమని."