ఇరవై ఆరు మార్కులు

సర్వే అమ్మాయి వచ్చే రోజని కోడలు లాండ్రీకి సెలవు పెట్టింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. ఈమె పని మడతలు పెట్టడం. ఈ నెలలో ఇది నాలుగో సెలవు. నెలాఖరు దాకా చూసి, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటానని సూపర్‌వైజరు మర్యాదగానే చెప్పాడు. అరిచేవాడైతే భయం లేదు. మర్యాదగా చెప్పేవాడు చెప్పినంత పనీ చేస్తాడు.

సెలవులన్నీ మామగారి వల్లే. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. చేతులకు పని గుర్తుంది, తలకే లేదు. కిటికీ తెర కత్తిరించి చొక్కా చేతులు తీశాడు. కరెంటు ఇస్త్రీపెట్టెను గ్యాసు పొయ్యి మీద పెట్టి, అదేమిటంటే, బేరం వచ్చి కూర్చుందని కోడల్నే కసిరాడు. వైరు కాలిన కంపు వారం దాకా ఇల్లు వదల్లేదు.

ముసలివాళ్ళ మతిమరుపు మీద పరిశోధన చేసేవాళ్ళు మూడేళ్ళుగా ఆ పేటలో ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఏడాదికోసారి వచ్చి ముప్పై మార్కులకు ప్రశ్నలడుగుతారు. ఇరవైకి తగ్గినవాళ్ళను తమ పగటి కేంద్రంలో చేర్చుకుంటారు. పొద్దున వ్యాను వచ్చి తీసుకుపోయి, సాయంత్రం దింపుతుంది. పోయినేడు మామగారికి ఇరవై ఒకటి వచ్చి, వ్యాను గుమ్మం దాకా వచ్చి పోయినట్టయింది. ఈసారి పది కూడా దాటవని కోడలికి గట్టి నమ్మకం. ఇంటి పెద్దాయన తప్పాలని మొక్కుకునే రోజొకటి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

మొగుడు ఆ పూట ఇంట్లోనే ఉండటం ఆమెకు వింతగా తోచింది. ఫోన్ల కొట్లో కౌంటరు మనిషి. ఇస్త్రీపెట్టె కాలిన రోజు రాలేదు. తండ్రి వీధి చివర నిలబడి, ఎప్పుడో మూతపడ్డ తన కొట్టు తలుపు బాదుతున్న రోజూ రాలేదు. ఇవాళ మాత్రం తండ్రికి గడ్డం గీసి, ఉతికిన చొక్కా తొడిగి, పెళ్ళికొడుకును కూర్చోబెట్టినట్టు కుర్చీలో కూర్చోబెట్టాడు.

సర్వే అమ్మాయి ట్యాబు తెరిచి తేదీ, వారం, నెల అడిగింది. మామగారు గడగడా అప్పజెప్పాడు. ఒప్పేనా అని కోడలు క్యాలెండరు చూసుకుంది.

"తాతగారూ, ఇప్పుడు మూడు మాటలు చెబుతాను. గుర్తుపెట్టుకోవాలి," అంది ఆ అమ్మాయి.

"గొడుగు, ఉప్పు, నిచ్చెన," అన్నాడు మామగారు.

ఆ అమ్మాయి ఇంకా ఆ మాటలు చెప్పనే లేదు.

మొగుడు గోడకేసి చూశాడు. పోయినేడు పక్కగదిలోంచి విని రాసిపెట్టుకున్న మాటలవి. ఏటేటా అవే అడుగుతారు. రెండు వారాలుగా పొద్దున్నే తండ్రి గదిలోకి పోయి తలుపేసుకుంటుంటే, ఇన్నాళ్ళకైనా కన్నతండ్రి మీద మనసు మళ్ళిందని ఆమె మురిసిపోయింది. లోపల చిలక్కి పలుకులు నేర్పుతున్నాడని ఇప్పుడు తెలిసింది.

మొత్తం ఇరవై ఆరు వచ్చాయి. ఇంట్లో వాళ్ళను అడిగే ప్రశ్నలు కూడా కొన్ని ఉన్నాయి. అవి మొదలయ్యే వేళకు మొగుడు ఆమెను మంచినీళ్ళకు పంపి, జవాబులన్నీ తనే చెప్పేశాడు. అంతా బాగుందట.

కోడలు మెట్ల మీద ఆ అమ్మాయిని పట్టుకుంది.

"మీరు చెప్పకముందే చెప్పాడు. చూశారుగా?"

"చూశానక్కా. చూసింది రాయడానికి ఇందులో గడి లేదు. తప్పా, ఒప్పా, అంతే."

"పోనీ నన్ను అడగండి. నేను చెబుతాను."

"పంపేశానక్కా. ఒకసారి పంపితే నా చేతిలో ఉండదు."

రోజుకు ఎనిమిది ఇళ్ళు పూర్తి చేయకపోతే తనకు పూట కూలి లేదని, మార్కులు పెరిగిన ఇళ్ళంటే పై సారుకు మహా ఇష్టమని, తల దించుకుని చెప్పింది ఆ అమ్మాయి. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది.

పైకొచ్చి మొగుణ్ణి నిలదీసింది.

"మా నాన్నకు మతి పోయిందని ఊరంతా తెలిసేలా రాయించుకోమంటావా? పరీక్షన్నాక పాసవ్వాలి. తప్పాలని కోరుకునేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను," అన్నాడు.

"పాసయ్యాడుగా. రేపట్నుంచి మీ కౌంటరు పక్కన స్టూలేసి కూర్చోబెట్టుకోండి. ఇరవై ఆరు మార్కుల మనిషి, లెక్కలు కూడా చూస్తాడు."

మొగుడు చెప్పులేసుకుని కొట్టుకు పోయాడు. సాయంత్రం వస్తూ వస్తూ ఒక ఇనుప గడియ కొనుక్కొచ్చాడు. తండ్రి గది తలుపుకు బయటివైపు పెట్టి బిగించసాగాడు. మామగారు మెడలోని టేపు తీసి తలుపు కొలిచాడు. కాస్త పైకి పెట్టమన్నాడు. స్క్రూలు ఒక్కొక్కటే అందించాడు.

మనిషిని గొడ్డులా బంధిస్తారా అని కోడలు ఆ పూట అన్నం ముట్టలేదు. తానుండగా ఆ గడియ పడనివ్వనంది. అన్నమాట మీదే నిలబడి ఇంకో రెండు రోజులు సెలవు పెట్టింది. రెండో రోజు సూపర్‌వైజరు ఫోన్ చేసి, కోపం లేకుండా, రేపు ఒకటో తారీఖమ్మా అన్నాడు.

ఒకటో తారీఖు పొద్దున్నే మామగారికి అన్నం తినిపించింది. కత్తెర తీసి దాచింది. మంచం పక్కన నీళ్ళ సీసా, బకెట్టు, ఆయన ఒడి నిండా గుడ్డ పేలికలు పెట్టింది. మొగుడు అప్పటికే వెళ్ళిపోయాడు.

"ఎప్పుడొస్తావమ్మా?" అన్నాడు మామగారు.

"ఇదిగో, ఇప్పుడే," అంది.

తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టింది. పడిందో లేదో మరోసారి లాగి చూసుకుంది. పరుగున బస్సందుకుని లాండ్రీకి పది నిమిషాల ముందే చేరింది. ఇలా ఉండాలమ్మా అని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు.