అరవై రెండు దగ్గర

తెల్లటి దీపం.

ఆవగింజంత.

మూడుసార్లు వెలిగింది. ఆరింది. మళ్లీ మూడుసార్లు — మళ్లీ చీకటి.

వంటింటి బల్ల మీద లాప్‌టాప్ మూత తెరిచి ఉంది. తెర నల్లగా ఉంది. మబ్బు పట్టిన పూట బావిలోకి తొంగి చూసినట్టు, ఆ నలుపులో అతనికి తన మొహమే కనిపించింది.

ఉలకదు. పలకదు. మూడుసార్లు మాత్రం మిణుకుమంటుంది.

అతను లిఫ్టుల మెకానిక్. ఇరవై రెండేళ్లుగా అదే పని. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన మనుషులను క్షేమంగా దించినవాడు. ఇనుప తాళ్ల చప్పుడు విని ఏ చక్రం అరిగిందో చెప్పగలవాడు. అతని చేతిలో పడిన యంత్రం బాగుపడి తీరుతుందని తోటివాళ్లలో పేరు. ఆ పేరు వింటే పైకి తల అడ్డంగా ఊపేవాడు గానీ, లోపల పొంగిపోయేవాడు.

ఇప్పుడు ఆ చేతులు బల్ల మీద ఊరికే ఉన్నాయి. ఏం చేయాలో వాటికి తోచడం లేదు.

లాప్‌టాప్ అతని భార్యది. చూపు లేనివాళ్ల గ్రంథాలయం కోసం ఆమె పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. ఎవరూ అడక్కపోయినా ప్రాణం పెట్టి చేస్తుంది. ఈసారి వలస పక్షుల మీద లావుపాటి పుస్తకం. పద్నాలుగు అధ్యాయాలు. పదకొండు చదివింది.

ఆ తర్వాత ఆమె మెడకు ఆపరేషన్ జరిగింది.

గడ్డ తీసేశారు. గడ్డతో పాటు ఇంకేదో కూడా పోయింది. తెలివి వచ్చి ఆమె నోరు తెరిస్తే — ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు గరగర. గొంతు తిరిగి రావచ్చన్నాడు డాక్టరు. రాకపోనూవచ్చన్నాడు.

మూడు నెలలైంది.

ఆమె మాటలు తగ్గించేసింది. అతణ్ని పిలవాలంటే గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. ఫోను మోగితే అతని చేతికిస్తుంది. పుస్తకం ఎంతవరకు వచ్చిందని గ్రంథాలయం వాళ్లు రెండుసార్లు కబురు పెట్టారు.

ఒకరోజు అతనే అడిగాడు.

"మళ్లీ ఎప్పుడు మొదలుపెడతావు?"

ఆమె లాప్‌టాప్ వైపు చెయ్యి చూపించింది.

"ఆ ఫ్యాను మోత వింటున్నారుగా. అందులో ఎలా చదవమంటారు?"

మోత నిజమే. లోపల తేనెటీగల గుంపు చిక్కుకున్నట్టు ఒకటే రొద.

అతను ఆ మాటను మాటగానే తీసుకున్నాడు. మోత అంటే మోత. మోత ఆపితే సరి…

వెతికాడు. ఆ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందట. అది ఎక్కిస్తే ఫ్యాను నెమ్మదిస్తుందట. కంప్యూటర్ కళ్లు తెరవగానే 'నువ్వు ఫలానా, నీ చేతులు ఇవి, నీ కాళ్లు ఇవి' అని దానికి గుర్తుచేసే రాత అది. ఒక చిన్న చిప్పులో ఉంటుంది. పాత రాత చెరిపి కొత్తది రాయాలి. రాస్తున్నంతసేపూ ముట్టుకోకూడదు. తెర మీద లావు అక్షరాల్లో ఆ మాటే ఉంది.

ఆదివారం పొద్దున ఆమె బజారుకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చప్పుడు చేయని యంత్రాన్ని ఆమె ముందు పెట్టాలనుకున్నాడు.

నీలం గీత కదిలింది. పది శాతం. ముప్ఫై. యాభై.

అరవై రెండు.

అక్కడ ఆగింది.

ఐదు నిమిషాలు. పది. పావుగంట. అరవై రెండే…

లిఫ్టు బిగుసుకుపోతే ఏం చేస్తారు? కరెంటు తీసి మళ్లీ ఇస్తారు. ఏళ్ల తరబడి అలవాటు. బుర్ర వద్దనేలోపే వేలు వెళ్లి బొత్తాన్ని నొక్కి పట్టుకుంది.

తెర ఆరిపోయింది.

ఫ్యాను ఆగింది.

ఇల్లంతా నిశ్శబ్దం. అతను కోరుకున్న నిశ్శబ్దమే.

ఆమె సంచీతో లోపలికి వచ్చేసరికి అతను లాప్‌టాప్ వెనక రేకు విప్పి కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మరలన్నీ ఎందుకు విప్పారు?"

చెప్పాడు. నేల చూపులు చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"పదకొండూ అందులోనే ఉన్నాయి," అంది ఆమె.

"వాళ్లకు పంపలేదా?"

"అన్నీ అయ్యాక ఒకేసారి పంపుదామనుకున్నాను."

అంతే. తిట్టలేదు. గదిలోకి వెళ్లి తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసుకుంది. దబాలున వేసినా బాగుండేది.

అప్పటినుంచి అతనికి అదే లోకం. పనిలోంచి రాగానే బల్ల ముందు. బ్యాటరీ తీగ ఊడదీసి గంట ఆగాడు. మూడు మిణుకులు. బొత్తాం అరనిమిషం నొక్కిపట్టాడు. మూడు మిణుకులు. ఎవరో చెప్పిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎవరో చెప్పిన రెండు అక్షరాలూ కీబోర్డు మీద నొక్కి ఉంచాడు. పెన్‌డ్రైవ్ దీపం కూడా ఒకసారి వెలిగింది. ముందుకు వంగాడు —

మూడు మిణుకులు.

ఒళ్లు మండింది. స్క్రూడ్రైవర్ గోడకేసి కొట్టాడు. మళ్లీ తనే వంగి, బీరువా కిందకు దొర్లిన దాన్ని చెయ్యి పెట్టి వెతికి తీసుకున్నాడు. కోపం కూడా సరిగా తీర్చుకోనివ్వదు ఈ ఇల్లు.

గురువారం దుకాణానికి తీసుకెళ్లాడు.

అక్కడ బాగుచేసేది ఒక పెద్దావిడ. కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం తగిలించుకుని ఉంటుంది. ఆవిడ లాప్‌టాప్ లోపలి బోర్డును చేతిలోకి తీసుకుని, దోసిట్లో నీళ్లు చూసినట్టు చూసింది.

"డిస్కు తీసి వేరేదాంట్లో పెట్టలేమా అమ్మా?" అన్నాడు.

"ఊడితేగా బాబూ. బోర్డుకే అతికించేశారు. ఈ బోర్డు లేస్తేనే అందులోవి దక్కేది. రాస్తుంటే మధ్యలో ఆపారా?"

"అరవై రెండు దగ్గర."

"ఎంతసేపు చూశారు?"

"పావుగంట."

ఆవిడ భూతద్దం పైకెత్తి అతని వంక చూసింది. ఆ చూపు కంటే నాలుగు తిట్లు నయం.

చిప్పు వేలిగోరులో సగం కూడా లేదు. ఎనిమిది కాళ్లు, చచ్చిపడిన పురుగులా. దాని నడుముకు చిన్న క్లిప్పు తగిలించి, తన కంప్యూటర్‌లోంచి మంచి రాత పంపాలి. క్లిప్పు జారింది. మళ్లీ తగిలించింది. మళ్లీ జారింది. సాయంత్రం దాకా జారుతూనే ఉంది.

శుక్రవారం క్లిప్పు పట్టింది, రాత సగంలో తప్పింది.

శనివారం పని మానేసి, పొద్దున్నే వెళ్లి కూర్చున్నాడు. బయట సన్నగా వాన. అద్దం మీద ఒక్కో చుక్క దిగి, ఇంకో చుక్కలో కలిసి, ఆగి… చిప్పులోకి రాత ఎక్కుతున్నంతసేపూ ఆవిడ వేలు కదపలేదు. అతనూ కదల్లేదు. అరవై రెండు దాటింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"చూడండి," అందావిడ.

తెర వెలిగింది. తెల్లారినట్టు వెలిగింది.

ఆ వెలుగులో ఒకటే వాక్యం — తాళం సంఖ్య ఇవ్వండి. నలభై ఎనిమిది అంకెలు.

"ఇదేంటమ్మా మళ్లీ?"

"లోపలి రాత మారింది కదా. ఎవడో దొంగ చొరబడ్డాడనుకుంటోంది. ఇది నా చేతిలో లేదు బాబూ. మీ ఆవిడ ఫోన్లో, తన ఖాతాలో ఉంటుంది. అడగండి."

అడగాలి.

వారం రోజులుగా అన్నీ చేశాడు. అదొక్కటే చేయలేదు — ఆమెను ఏదైనా అడగడం.

ఇంటికొచ్చి లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు. విషయం చెప్పాడు. ఆమె చాలాసేపు ఫోనులో వెతికింది. దొరికింది. ఫోను అతని వైపు తోసింది.

చీమల బారులా అంకెలు. అతని కళ్లకు ఆనలేదు. ఫోను వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూసేలోపు వరస తప్పుతోంది. మొదటి ఆరు అంకెలకే మూడుసార్లు చెరిపాడు.

"నువ్వు చదువు," అన్నాడు. "నేను కొడతాను."

ఆమె కదల్లేదు.

తర్వాత ఫోను తీసుకుంది. గొంతు సవరించుకుంది.

"నాలుగు. సున్నా. ఏడు…"

గరగర. ఆకుల మీద అడుగులు. రెండో వరసలో గొంతు చీలింది. నాలుగో వరసలో గాలి మాత్రమే వచ్చింది. ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చదివింది. ఎనిమిది వరసలూ చదివింది.

సంఖ్య తప్పు — అంది తెర.

"ఏదో ఒకటి సరిగా వినపడలేదు," అన్నాడు మెల్లగా.

"ఎలా వినపడుతుంది?" ఆమె ఫోను బల్ల మీద పెట్టేసింది. "ఫ్యాను ఆగిపోయి వారమైంది. అయినా వినపడలేదు కదా మీకు. ఫ్యాను కాదండీ. ఫ్యాను ఎప్పుడూ కాదు. ఈ గొంతేసుకుని ఎవరికి చదవను? మీకు పక్కనుంటేనే అర్థం కావట్లేదే, కళ్లు లేనివాళ్లు చెవులొక్కటే పెట్టుకుని వింటారు…"

మూడు నెలల్లో ఆమె అన్ని మాటలు ఒకేసారి అనడం అదే మొదలు. బొంగురుగా, పగిలి, గట్టిగా.

ఒక్క మాటా పోలేదు. అన్నీ వినపడ్డాయి అతనికి.

కుర్చీ జరుపుకుని ఆమె పక్కకు వచ్చాడు. మోచేయి మోచేయికి తగిలేంత దగ్గరగా.

"మళ్లీ చదువు. నెమ్మదిగా. నాకేం తొందర లేదు."

ఆమె చదివింది. ప్రతి అంకెనూ అతను పైకి అని, ఆమె తలూపాక కొట్టాడు. ఐదో వరసలో ఆమె ఏడు అన్నది, ఇందాక అతను మూడు అనుకున్నాడు. అదే తప్పు.

తాళం తెరుచుకుంది.

పదకొండు ఫైళ్లు. పదకొండూ ఉన్నాయి.

ఆమె చివరిదాన్ని నొక్కింది. గది నిండా ఒక స్త్రీ గొంతు — తేటగా, తీరిగ్గా, సముద్రం దాటుతున్న కొంగల గురించి చెబుతోంది. ఆమె తల వంచుకుని వింది. పేజీ పూర్తయ్యేదాకా వింది.

"ఈవిడ బాగా చదువుతుంది," అంది.

అతనికి ఏదో అనాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చినవన్నీ ఓదార్పు మాటలే. మింగేశాడు.

పదకొండింటినీ గ్రంథాలయానికి పంపేసింది ఆమె. లేచి వెళ్లి పుస్తకం తెచ్చి, పన్నెండో అధ్యాయం దగ్గర విప్పి, పేజీ మీద అరచెయ్యి పెట్టింది.

రెండో చెయ్యి రికార్డు గుర్తు దాకా వెళ్లింది.

నొక్కలేదు.

తీయనూ లేదు.