తిరిగొచ్చిన మొక్కను మళ్లీ ఇవ్వం

వినుకొండ బస్టాండు వెనక నర్సరీలో రాహేలుకు పొద్దున్నే మొదటి పని, తిరిగొచ్చిన మొక్కలకు నీళ్లు పోయడం. కొన్నవాళ్లు రెండు రోజులు నీళ్లు మానేస్తే చాలు, మొక్క తన సంచి ఈడ్చుకుంటూ నర్సరీకి నడిచొచ్చేస్తుంది. ఆటోలవాళ్లు బ్రేకేసి దారిస్తారు. అదేం పెద్ద సంగతి కాదు. తలనొప్పంతా మనుషులతోనే. ఊరెళ్లామనో, మోటారు కాలిపోయిందనో చెప్పి, మొక్కను మళ్లీ ఇమ్మని గొడవకొస్తారు.

"షరతులు రాసి గేటుకు కట్టవే, నోటికి శ్రమ తప్పుద్ది," అన్నాడు మొగుడు బెంజిమిన్.

రాహేలు ఫ్లెక్సీ కొట్టించింది. నీళ్లు పోయకపోతే మొక్క తిరిగొస్తుంది. తిరిగొచ్చిన మొక్కను మళ్లీ ఇవ్వం. కారణాలు వినం. ఆ చివరి మాట పట్టుబట్టి ఎర్రరంగులో వేయించి, కొన్నవాళ్లందరికీ ఫోన్లో ఫోటో పంపింది. అంత కోపం పనికిరాదు గానీ, ఆమెకెవరు చెప్తారు?

నాలుగో రోజు ఉదయం వాసంతి కరివేపాకు మొక్క గేట్లోకి వచ్చింది. రాహేలు నిర్ఘాంతపోయింది. కొండ కింద వీధిలో ఒంటరిగా ఉంటూ జాకెట్లు కుట్టే వాసంతి, రోజూ ఆ మొక్కకు నీళ్లు పోసి ఫోటో పంపే మనిషి.

"ఈమె కూడానా! రానీ, చెప్తా," అంటూ చెంబెడు నీళ్లు పోసింది. నీళ్లు మట్టి మీదే నిలిచిపోయాయి. మొక్క వీధి వైపు తిరిగి నిలబడింది.

"అదేందే, దాహంతో వచ్చింది తాగదేంది?" అన్నాడు బెంజిమిన్.

రాహేలు ఫోన్ తీసి చూసింది. వాసంతి పంపిన ఆఖరి ఫోటో అటుమొన్నటిది.

"బండి తియ్యవయ్యా!"

వాసంతి ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎంత పిలిచినా పలుకు లేదు. బెంజిమిన్ తలుపు బద్దలుకొట్టాడు. బాత్రూములో జారిపడి, తొడ ఎముక విరిగి, బకెట్లో నీళ్లతో ప్రాణం నిలుపుకుని పడి ఉంది వాసంతి.

"రాహేలక్కా," అంది పీలగొంతుతో, "మొక్కకు నీళ్లు పోయలేకపోయా. కారణం చెప్తే వింటావా?"

ఫ్లెక్సీ మీద తను రాయించిన మాటకు రాహేలుకే భయమేసింది.

ఇంకొక్క పూట ఆలస్యమైతే దక్కేది కాదని ఆసుపత్రిలో చెప్పారు. సాయంత్రం రాహేలు నర్సరీకి వచ్చేసరికి మొక్క ఇంకా గేటు దగ్గరే ఉంది.

"బతికిందే తల్లీ. ఇంటికొచ్చాక నిన్ను నేనే దిగబెడతా," అంది.

మట్టి మీది నీళ్లు గుటుక్కున ఇంకిపోయాయి.

రాహేలు ఫ్లెక్సీలో ఎర్రమాట కొట్టేసి, కింద తన చేత్తో రాసింది: కారణం మేమే వచ్చి కనుక్కుంటాం.