సరోజ సవరం

ఢిల్లీ జనక్‌పురిలో ఆ బ్లాకు తెలుగు ఆడపిల్లలందరికీ పూలజడ కుట్టిపెట్టింది సరోజే. ఆవిడ పోయి పద్నాలుగు నెలలయింది. కింది ఫ్లాట్ కృష్ణకుమారి తన కూతురు సాత్వికకి ఓణీల ఫంక్షను పెట్టుకున్నామనగానే, "జడ నేను కుడతాలే అమ్మా" అనేశాడు ఆవిడ భర్త శేషగిరి. అన్నాక భయం పట్టుకుంది. ముప్పయ్యేళ్లూ ఆయన చేసిందల్లా భార్యకి మొగ్గలు ఏరివ్వడం, సూదిలో దారం ఎక్కించడం.

తొంభై ఆరు మే నెల. ఫంక్షను రోజు మొదటి బస్సులో వెళ్లి మల్లెమొగ్గలు తెచ్చాడు. తడి తువ్వాల్లో చుట్టి కూలరు ముందు పెట్టుకుని, పొడవాటి అట్ట మీద వరస తరవాత వరస కుట్టాడు. వేలికి నాలుగుసార్లు సూది దిగింది. అయితేనేం, కరెంటు పోలేదు, ఒక్క మొగ్గా విచ్చుకోలేదు. అందుకే మనసులో ఓ దణ్ణం పెట్టుకున్నాడు.

మూడింటికి జడ పళ్లెంలో పెట్టుకుని కిందికి దిగాడు. సాత్విక వెనక్కి తిరిగి నిలబడింది. జుట్టు మెడ దగ్గరే ఆగిపోయింది.

రోజూ మెట్ల మీద ఎదురయ్యే పిల్లే. కుడుతున్నంతసేపూ ఆయన కళ్ల ముందున్నది మాత్రం నడుం దిగిన సరోజ జడ. ఆ కొలతకే అట్ట కత్తిరించాడు.

"అయ్యో బాబాయిగారూ, నాకైనా తట్టలేదు చూడండి!" కృష్ణకుమారి నెత్తి కొట్టుకుంది. పంజాబీ వాళ్లు జడలో అల్లుకునే దారాల పరాందా తెచ్చి కట్టి చూసింది. పూల బరువుకి అది జారి చేతిలోకొచ్చింది.

"రహ్‌నే దో మమ్మీ, వదిలెయ్. మామూలు దండ పెట్టుకుంటాలే," అంది సాత్విక. కళ్లు మాత్రం పళ్లేన్ని వదల్లేదు.

శేషగిరి పైకెక్కాడు. పెట్టె అడుగున, నాఫ్తలిన్ ఉండల మధ్య సవరం ఉంది. దువ్వెనకొచ్చిన వెంట్రుకలు ఏళ్ల తరబడి దాచి సరోజ కట్టించుకున్నది. ఆవిడ చీరలు పంచేశాడు గానీ, దీని సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు ఒళ్లో పెట్టుకుని దువ్వి, మళ్లీ దాచేవాడు. ఇస్తే ఎలా తిరిగొస్తుందో! అసలు పోయినావిడ జుట్టు శుభానికి పెట్టుకుంటారా? ఎవరిదో చెప్పకపోతే సరి అనుకున్నాడు. సవరం తీసుకుని దిగుతూ మెట్ల మధ్యలో ఆగాడు. సరోజ అయితే అలా చెప్పకుండా ఇవ్వనిచ్చేది కాదు.

"ఇది మీ పిన్నిదమ్మా. కొన్నది కాదు, ఆవిడ జుట్టే. వద్దంటే ఏమీ అనుకోను."

కృష్ణకుమారి కళ్లొత్తుకుని, "పసుపుకుంకాలతో వెళ్లిన మనిషి. పనికిరాకపోవడమేంటి బాబాయిగారూ!" అంది.

సాత్విక సవరాన్ని వేళ్ల మీదుగా జార్చుకుంది. "ఇత్‌నే లంబే, ఇంత పొడుగా! రోజూ ఎవరు దువ్వేవాళ్లు తాతగారూ?"

"చిక్కులు తీయడం వరకూ నేనే."

"అయితే మీరే కట్టండి. మెల్లిగా, హాఁ! లాగితే అరుస్తా."

"మీ మామ్మగారూ ఇలాగే బెదిరించేది," అన్నాడు శేషగిరి, పాయలు విడదీస్తూ.

సాయంత్రం ఫంక్షను హాల్లో ఫోటోగ్రాఫరు సాత్వికని అద్దం వైపు తిప్పి నిలబెట్టాడు. చివరి వరసలో ఒక్కడే కూర్చున్న శేషగిరికి ఆ జడ ఒక్కటే కనిపించింది.

మర్నాడు సవరం న్యూస్‌పేపర్లో చుట్టి పంపారు. నాఫ్తలిన్ వాసన పోయింది. దువ్వడానికి కూర్చున్నాడు గానీ, చిక్కుకున్న రెండు వాడిన మల్లెల్ని తీయబుద్ధి కాలేదు. ఆ రోజు పెట్టెలో పెట్టలేదు. సరోజ కూర్చునే ఎదుటి కుర్చీలో ఉంచి, కూలరు అటు తిప్పాడు.