వదులు మూతలు

ఆ ఇంట్లో ఏ డబ్బానీ మూత పట్టుకుని ఎత్తకూడదు. ఎత్తితే మూత చేతిలో ఉంటుంది, డబ్బా నేల మీద ఉంటుంది. మొగుడూ పెళ్లాలిద్దరికీ అది ఎంత అలవాటైపోయిందంటే, మరొకరికి చెప్పాల్సిన సంగతని కూడా వాళ్లకు తోచేది కాదు.

ఇల్లాలికి కీళ్లవాతం. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి. వంటింటి గట్టు మీదికి ఎండ వచ్చేదాకా గుప్పిట ముడుచుకోదు, ముడిస్తే తెరుచుకోదు. అందుకని బస్సు డ్రైవరైన భర్త డ్యూటీకి వెళ్లబోయే ముందు ఇల్లంతా తిరిగి మూతలన్నీ వదులు చేసి పోతాడు. ఉప్పు, పంచదార, నూనె సీసా, మందులు, ఆఖరికి పళ్లపేస్టు కూడా.

"అక్కడ బ్రేకులు బిగుతుగా ఉన్నాయా లేదా చూసుకోవాలి, ఇక్కడ మూతలు వదులుగా ఉన్నాయా లేదా చూసుకోవాలి. నా బతుకింతే!" అని నవ్విస్తాడు.

పూర్వం ఆయన దూరపు సర్వీసు నడిపేవాడు. కొండలెక్కి దిగి, సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి వెళ్లే బస్సు. ఆమె వేళ్లు వాచిన ఏడాది అది వదులుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే సిటీ బస్సు అడిగి వేయించుకున్నాడు. "ఆ మలుపులంటే విసుగు పుట్టిందోయ్" అన్నాడు. "నాకూ అంత నొప్పేం లేదులెండి" అంది ఆమె. ఒకరి అబద్ధాన్ని ఒకరు మర్యాదగా నమ్మారు.

ఈమధ్య ఆ రూటు డ్రైవరు కాలు విరగ్గొట్టుకుంటే, మూడు రోజుల ట్రిప్పు ఒక్కటి వెళ్లి రమ్మని డిపోవాళ్లు ఈయన్ని అడిగారు. కుదరదని చెప్పి వచ్చాడు. ఆ సంగతి ఇంట్లో చెబుతూ చెబుతూనే, కంచం పక్కన ఆయన ఎడమచెయ్యి గాల్లో గేరు మార్చడం ఆమె చూసింది.

"వెళ్లండి. మీ అక్కయ్యని రమ్మందాం."

"నువ్వుండగలవా?"

"నేనేం పసిపిల్లనా? వెళ్లకపోతే పోట్లాడతా."

"సరే, ఒక్క షరతు. ఏ కాస్త తేడా వచ్చినా ఫోన్ చెయ్యాలి. బస్సు ఎవరికో ఒకరికి అప్పగించి వచ్చేస్తా. మళ్లీ జన్మలో ఆ రూటు ఊసెత్తను."

ఆ చివరి మాట ఆమెకు ముల్లులా దిగింది. ఈ మూడు రోజులూ పళ్లబిగువున నెట్టుకురావాలి. లేదంటే ఆయనకు ఆ రోడ్డు శాశ్వతంగా పోయినట్టే.

బయల్దేరేటప్పుడు ఆయన చేత "వెళ్లొస్తా" అని రెండుసార్లు అనిపించుకుని, గబగబా లోపలికి వచ్చేసింది. వెళ్లేవాళ్ల వీపు చూడడం ఆమె వల్ల కాదు.

ఆడపడుచు మంచి మనిషే. చేతికి విశ్రాంతి లేదు, నోటికి అసలే లేదు. నోట్లో నువ్వుగింజ నానదు. వచ్చీ రాగానే టీ పెట్టబోయి పంచదార సీసా మూత పట్టుకుని ఎత్తింది. భళ్లుమంది!

"ఇదేంటమ్మా! ఇల్లంతా నోరు తెరుచుకుని కూర్చుంది! చీమల్ని పేరుపేరునా పిలిచారా ఏంటి?"

"మర్చిపోయాను వదినా" అంది ఇల్లాలు. వదినగారికి జబ్బు సంగతి పైపైనే తెలుసు. ఈ వేళ్లకు మూత కూడా లొంగదని తెలిస్తే, గాజుపెంకులు ఎత్తేలోపు ఆ కబురు తమ్ముడికి చేరిపోతుంది.

ఆ సాయంత్రం వదినగారు నడుం బిగించి ఇంట్లో ఉన్న మూతలన్నీ బిగించేసింది. రెండు చేతులతో, కసిదీరా.

మర్నాడు పొద్దున ఆవిడ కూరగాయలకు వెళ్లింది. ఇల్లాలు నొప్పి మాత్రల సీసా తీసింది. అరచేతుల మధ్య పెట్టి తిప్పింది. తడిగుడ్డ చుట్టి తిప్పింది. తలుపు సందులో ఇరికించి తిప్పబోతే తలుపే కిర్రుమంది గానీ సీసా కిమ్మనలేదు. చివరికి మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, వంగి మూతని పళ్లతో పట్టుకుంది. సరిగ్గా అప్పుడే వదినగారు గుమ్మంలోకి వచ్చింది.

"ఓయమ్మో! మందు మింగమన్నారు గానీ సీసాని కొరకమన్నారా?"

ఇల్లాలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వదినగారు సీసా లాక్కుని మూత తీసి, మాత్ర నోట్లో వేసి, నీళ్లు తాగించింది. ఆ తర్వాత సంగతంతా బయటికి వచ్చింది.

"నాకు చెబితే నీ సొమ్మేం పోయింది?"

"మీరు ఆయనకి చెప్పేస్తారు."

"చెప్పేస్తాను. నా కడుపులో మాట దాగదు, నా పుట్టుకే అంత. ఈ కూరగాయలు సర్దేదాకా ఆపుకుంటా. ఆలోపు నువ్వే చెప్పుకో!"

ఆమె ఫోన్ చేసింది. సముద్రపు ఊరి బస్టాండులో ఆయన అప్పుడే తిరుగు ప్రయాణానికి బస్సు తుడిపిస్తున్నాడు.

"ఏమండీ, ఇవాళ వేళ్లు అస్సలు ఆడలేదు. మందు సీసా పళ్లతో తియ్యబోయాను."

"అయ్యో, ఆ మూతల సంగతి అక్కకి చెప్పనేలేదు! ఉండు, బస్సు ఎవరికైనా అప్పగించి, ఏది దొరికితే అది ఎక్కి వచ్చేస్తా. ఇంక ఈ రూటు..."

"అలా వస్తే తలుపు తియ్యను. తియ్యలేక కాదు, తియ్యను!" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నొప్పి ఇవాళ కొత్తగా రాలేదండీ. రోజూ ఉంది. మీరుంటే పోదు, మీరు వెళ్తే పెరగదు. మీరు అన్నీ మానుకుని నా వేళ్ల వంక చూస్తూ కూర్చుంటే మాత్రం నాకు రెండు జబ్బులు."

"ఒకటి చెబితే తిట్టవుగా?"

"ముందు చెప్పండి. తిట్లు ఎక్కడికీ పోవు."

"నిన్న ఆఖరి మలుపు తిరగ్గానే సముద్రం కనిపించిందోయ్. ఓ గంటసేపు నువ్వు గుర్తుకే రాలేదు. బస్సు ఆపాక తెలిసి, సిగ్గేసింది."

ఆమె గుండె కలుక్కుమంది. తను జబ్బుపడ్డాక, తను లేని గంట ఆయనకు ఇదే మొదటిదేమో. అంతలోనే ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది.

"గంటేనా? వచ్చేటప్పుడు రెండు గంటలు మర్చిపోండి. ఆ తర్వాత మాత్రం నన్ను గుర్తు తెచ్చుకుని, తిన్నగా ఇంటికి రండి."