కాగితం నిండని ఇల్లు

మల్లీశ్వరి గీసి తెచ్చిన రెండిళ్ల నక్షలు చూసి ఆమె తల్లి గుర్వమ్మకు ఎక్కడ లేని కోపం వచ్చింది. కన్నకూతురే అన్యాయం చేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

"మీ చిన్నమ్మ ఇల్లేమో కాగితం నిండ గీసినవ్. నాదేమో మూలకు కోళ్లగూడంత గీసినవ్. నేనేం పాపం జేసిన బిడ్డా?"

మల్లీశ్వరి జడ్చర్ల బస్టాండు పక్కన కమలాకర్ సారు ఆఫీసులో కంప్యూటర్ మీద ఇళ్ల నక్షలు గీస్తుంది. వాళ్ల నాయిన గుర్వయ్య, చిన్నాయిన కాటమయ్య ఉన్న జాగాను సగం సగం పంచుకుని, నడుమ ఒకటే గోడతో రెండిళ్లు కట్టుకుందామనుకున్నారు. నక్షలు గీసే పని ఇంటిపిల్ల మీదే పడింది. ఆ పిల్ల రెండిళ్లనూ అంగుళం తేడా లేకుండా గీసింది కూడా. చిక్కంతా స్కేలు దగ్గర వచ్చింది.

కాటమయ్య గొర్రెలను అమ్మి ఆటో కొనుక్కున్నాడు. ఆయన కాగితంలో ఇల్లొక్కటే కాబట్టి, నేల మీది యాభై అంగుళాలకు కాగితం మీద ఒక అంగుళం చొప్పున, యాభైకి ఒకటి స్కేలులో నిండుగా పట్టింది. గుర్వయ్యకు ఇంటి వెనక గొర్ల దొడ్డి కూడా కావాలి. దొడ్డితో సహా అదే కాగితంలో ఇమడాలంటే వందకు ఒకటి పెట్టక తప్పలేదు. గుర్వమ్మ ఇంటిని సగానికి కుదించినవి ఆమె సొంత గొర్రెలే.

"అమ్మా, ఇల్లు చిన్నగ కాలే. స్కేలు వేరే, గంతే."

"స్కేలు నాకెర్క లేదా? నువ్వు బడికి పోంగ కొనిచ్చింది ఎవలు? గదే స్కేలు తెచ్చి కొలువు, ఎవలిల్లు పెద్దగున్నదో తెలుస్తది!"

 ఆ స్కేలుతో కొలిస్తే అమ్మ మాటే గెలుస్తుంది.

కోపం కాగితం మీద ఆగలేదు, జాగా మీదికి పోయింది. పంచేనాడే కొలతతాడు కాటమయ్య వాటా వైపు గుంజారని గుర్వమ్మ అనేసింది. వాకిట్లో ఆటో తుడుస్తున్న కాటమయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"గంత అనుమానముంటే నడుమ గోడ కూడ వద్దు వదినా. నా వాటా అమ్ముకుని జడ్చర్లల కిరాయికుంట."

 తల్లి గొర్ల వెంట పోయిన రోజుల్లో మల్లీశ్వరిని చంకనేసుకుని పెంచింది కాటమయ్య భార్య నర్సింగమ్మే. చిన్నమ్మ లేని వాకిలిని ఆ పిల్ల ఊహించుకోలేదు. అదీ తను పెట్టిన స్కేలు వల్ల పోతుందంటే అన్నం దిగలేదు.

మరునాడు ఆఫీసులో రెండు నక్షలకూ వందకు ఒకటే పెట్టి అచ్చు తీసింది. గుర్వమ్మ మొహం కాస్త విప్పారింది. కానీ నర్సింగమ్మ మొహం వాడిపోయింది.

"నిన్నటిదాక నిండుగున్న ఇల్లు, ఒక్క రాత్రికే గిట్ల చిక్కిపోయిందేంది మల్లీ? అక్క కోయించిందా?"

మళ్లీ ఆఫీసు, మళ్లీ స్కేలు. ఈసారి రెంటికీ యాభైకి ఒకటి. యారాండ్లు గుర్వమ్మ, నర్సింగమ్మ ఇద్దరూ వంక పెట్టలేదు. మల్లీశ్వరి హమ్మయ్య అనుకునేంతలో గుర్వయ్య కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, వెనక వైపు కూడా చూశాడు.

"నా దొడ్డేది బిడ్డా? గొర్లను నా నెత్తి మీద కట్టెయ్యాల్నా?"

దొడ్డి కాగితం దాటి పోయింది. సంగతంతా విని కమలాకర్ సారు కడుపు పట్టుకుని నవ్వాడు. మల్లీశ్వరికి మాత్రం ఒళ్లు మండింది. ఇంటికొచ్చి టేపు, సున్నం సంచి అందుకుంది.

"పాండ్రి అందరు. అసలు కొలతకే గీస్త. అడుగుకు అడుగు. అప్పుడు ఎవలేమంటరో చూస్త."

పునాదికి ముందు పోసే ముగ్గే కదా, రెండు రోజులు ముందే పోస్తే తప్పేముంది? టేపు ఒక కొన గుర్వయ్య పట్టాడు, ఇంకో కొన కాటమయ్య పట్టాడు. మాట్లాడుకోలేదు గానీ పట్టుకున్నారు. మల్లీశ్వరి నడుం వంచి గోడ గోడకూ సున్నం గీత పోసుకుంటూ పోయింది. పొద్దు వాలేసరికి రెండిళ్లూ నేల మీద తెల్లగా తేలాయి.

"పోండ్రి, ఎవలింట్లకు వాళ్లు పోండ్రి," అంది.

గుర్వమ్మ తన పడకగదిలో నిలబడి రెండు చేతులూ చాపింది.

"గిదేందే మల్లీ? మంచం ఏస్తే మనిషి ఏడ నిలవడాలె?"

పక్కింటి వంటగదిలోంచి నర్సింగమ్మ గొంతు లేచింది.

"అక్కా, నాది గూడ గట్లనే ఉన్నది. పొయ్యి కాడ వంగితే ఎనకగోడకు తాకుత."

"ఇద్దరికీ తక్కువ గీసింది, సూడు!" అంది గుర్వమ్మ.

"సదివిచ్చినందుకు మంచిగ బుద్ధి చెప్పింది!" అని వంత పాడింది నర్సింగమ్మ.

ఆరుబయట ముగ్గు పోస్తే ఎంత ఇల్లయినా ఇరుగ్గానే కనబడుతుంది. గోడలు లేస్తేనే దానికి పెద్దరికం వస్తుంది. ఆ మాట చెప్పబోయి మల్లీశ్వరి నాలుక కరుచుకుంది. ఇన్నాళ్లకు వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు, తనను తిట్టడానికైతేనేం. ఎంత తిడితే అంత మంచిది అనుకుంది.

గుర్వమ్మ తన ముందుగదిలోకి వచ్చి, రెండిళ్ల నడుమ గీతను చూస్తూ ఆగింది.

"నర్సీ, ముందటర్రల నడుమ గీ గోడెందుకే? తీసేస్తే ఇద్దరికీ ఒక్కటే పెద్దర్ర అయితది గదా."

"నాకేమో మంచిగనే ఉంటది అక్కా," అని నర్సింగమ్మ మొగుడి వైపు చూసింది.

కాటమయ్య గీత దగ్గరికి వచ్చాడు. "గోడ తీసేస్తే ఎవల వాటా ఏడిదాకనో ఎట్ల తెలుస్తది వదినా?"

"తెలువకుంటేనే మంచిది," అంది గుర్వమ్మ. కొలతతాడు మాట అన్న నోరు అదే. కొంచెం తల దించుకునే అంది.

అంటూనే చీర కుచ్చిళ్లు పైకి పట్టి, పాదంతో సున్నం గీతను చెరపసాగింది. నర్సింగమ్మ చెప్పులు విడిచి అవతలి కొస నుంచి మొదలుపెట్టింది. గుర్వయ్య టేపు చుట్టుకుంటున్నాడు. కాటమయ్య నెమ్మదిగా మల్లీశ్వరి దగ్గరికి వచ్చాడు.

"మల్లీ, అయితే గీ పెద్దర్రకు తలుపు ఒక్కటే పెడ్తవా, రెండు పెడ్తవా?"

"ఒక్కటే చిన్నాయినా," అంది మల్లీశ్వరి, వాళ్లలో ఎవరూ మనసు మార్చుకోకముందే.