శనివారం దాకా బీరువాలో

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు నా వెనక ఏ పేరు పెట్టి పిలుచుకుంటారో కూడా తెలుసు, ఇక్కడ రాయను. లాలాగూడలో మా బడి. నేను పదో తరగతికి క్లాస్ టీచర్ని, సోషల్ చెబుతాను. ఆ ఏడాది, అంటే 2006లో, ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటూ మాదాపూర్ వైపు పరుగెడుతుంటే మా పిల్లల బ్యాగుల్లోకి ఫోన్లు దూరాయి. పాఠం మధ్యలో ఏదో ఒక మూల సినిమా పాట మోగేది. ఒళ్లు మండి, ప్రిన్సిపాల్ రాఘవేందర్ సార్ ముందు కూర్చుని నేనే రూలు రాయించాను. ఫోన్ దొరికితే స్విచాఫ్ చేసి ఆఫీసు బీరువాలో పెడతాం, శనివారం తల్లో తండ్రో వచ్చి తీసుకెళ్లాలి. బీరువా తాళంచెవి నా దగ్గరే.

బుధవారం మూడో పీరియడ్‌లో సాయిదుర్గ టిఫిన్ బ్యాగులో ఫోన్ గుర్రుమంది. మొదటి బెంచీ పిల్ల, ఎప్పుడూ నా చేత ఒక్క మాట పడనిది. అందుకే మరీ మండింది. లాక్కున్నాను.

ఆ పిల్ల నా వెనకే స్టాఫ్ రూం దాకా వచ్చింది. వాళ్లది పలాస. తల్లి అక్కడే ఉంటే, తండ్రి పైడిబాబు ఇక్కడ లారీ నడుపుతూ కూతుర్ని చదివిస్తున్నాడు. ఓనరు లారీ అమ్మేశాడు, మూడు నెలలుగా పని లేదు. ఒక కంపెనీ క్యాబ్ డ్రైవర్లను తీసుకుంటోందట, ఈ రెండు రోజుల్లో ఫోన్ చేసి టెస్టుకు పిలుస్తారట. సూపర్‌వైజర్ మాట్లాడేది హిందీ, ఇంగ్లీషు. పైడిబాబుకు రెండూ రావు. పోయిన నెల ఇంకో కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే అన్నిటికీ ‘ఎస్ సార్’ అని, మాదాపూర్ వెళ్లాల్సిన మనిషి బేగంపేటలో సాయంత్రం దాకా నిలబడి వచ్చాడట. అప్పటినుంచి ఫోన్ కూతురి దగ్గర ఉంచాడు.

“ఆపెయ్యకండి టీచర్. మీ దగ్గరే ఉంచుకోండి, మోగితే మీరే మాట్లాడండి,” అంది. “ఈ పని రాకపోతే ఊరెళ్లిపోతాం. అమ్మతోపాటు నన్నూ జీడిపిక్కల పనికి పంపుతారు.”

నిజం చెప్పాలంటే నేను నమ్మలేదు. అంతకు ముందు వారమే ఒకడు ఫోన్ కోసం బతికున్న తాతను మాటల్లో చంపేశాడు. నాకు కథలు చెప్పకు అని, ఆ పిల్ల కళ్ల ముందే మీట నొక్కి ఆపేశాను.

గురువారం పొద్దున్నే పైడిబాబు వచ్చాడు. ఆఫీసు గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. సార్ శనివారం రమ్మన్నారు. పోనీ ఆ సూపర్‌వైజర్ నంబరైనా రాసివ్వండి, ఎస్‌టీడీ బూత్ నుంచి పిల్ల చేత మాట్లాడించుకుంటాను అని బతిమాలాడు. నంబరు ఉన్నది ఆ ఫోన్‌లోనే. సార్ నావైపు చూశారు, ఇద్దామా అన్నట్టే చూశారు. ఒక్కరికి తీస్తే రేపు అందరూ లైను కడతారు సార్ అన్నాను. నిమిషం పని. మొండితనం, ఇంకేం కాదు.

శనివారం పదకొండింటికి తండ్రీ కూతుళ్లు ఆఫీసులో నిలబడ్డారు. ఫోన్ ఆన్ చేయగానే మెసేజ్ వచ్చింది. సాయిదుర్గ చదువుకుంది. ఏటన్నారమ్మా అని తండ్రి రెండుసార్లు అడిగాడు. ఆ పిల్ల ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

నాలుగుసార్లు చేశారట, స్విచాఫ్ అని వచ్చిందట, ఖాళీలు నిండిపోయాయట. అది తెలుగులో చెప్పాల్సింది నేనే, చెప్పాను. వెంటనే అదే నంబరుకు కలిపి, నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాడి బతిమాలాను. మీ ఒక్కరి కోసం సీటు ఆపుకుని కూర్చోలేం మేడమ్ అని అవతలి మనిషి పెట్టేశాడు.

పైడిబాబు నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. “తప్పు నాదేనండి. సదువుకునే పిల్లకి ఫోను ఇచ్చినాను,” అన్నాడు.

సార్‌కి కూడా ముఖం చెల్లలేదు. కాగితం జరుపుతూ మెల్లగా చెప్పారు. “మల్ల ఫోన్ తీస్కరాదని జెర సంతకం పెట్టు అన్నా. రూల్ ఉన్నది, ఏమనుకోకు.”

ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. పెన్ను తిరిగిస్తూ, “మరింక తేదండి. దాని టీసీ ఇప్పించీయండి, రేపు రైలుకి ఎల్లిపోతాం,” అన్నాడు.

సార్ ఏదైనా హాస్టల్ చూద్దామన్నారు. పిల్లను ఒక్కదాన్ని వదలలేనన్నాడు. ఈ ఏడాదికైనా ఆగమని నేనన్నాను. ఏం తిని ఆగాలో అతను అడగలేదు, నాకే గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

క్లాస్ టీచర్ని కదా, టీసీ నేనే నింపాను. పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి. ప్రవర్తన అన్న గడి దగ్గరికి వచ్చేసరికి సాయిదుర్గ బల్ల అవతలినుంచి చూస్తోంది. ‘చాలా మంచిది’ అని రాశాను. సిగ్గులేని చెయ్యి, కింద సంతకం కూడా పెట్టింది.